అస్సాం ఆకుకు జొన్నరొట్టె మూత

మా అత్త జీవమ్మ దగ్గరికి ఎవరొచ్చినా ఆమె నోట మొదట వచ్చే మాట ఒకటే: "నాలుక చాపు."

కూర్చోమనదు. బాగున్నావా అనదు. మా వేంపల్లె చుట్టుపక్కల ఏ ఇంటికి పోయినా గడప దాటకముందే "అన్నం తింటివా?" అని అడుగుతారు. పగవాడినైనా ముందు ఆ మాట అడిగి, తరువాతే తిడతారు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి మా అత్త నోట ఆ మాట ఒక్కసారి కూడా వినలేదు. వచ్చినవాళ్ల నాలుక చూస్తుంది. తరువాత కళ్లు, ఆపైన మోచేతులు చూస్తుంది. చూసి తీర్పు చెబుతుంది: "నీకు నీలగిరి." "నీకు సిలోను." ఆ ఆకుతోనే టీ కాచి ఇస్తుంది. వేరే ఆకు కావాలని కాళ్లు పట్టుకున్నా దొరకదు. కోడలు అత్తను మెచ్చుకుంటూ రాయడం మా పాళెంలో ఇదే మొదలు. ఎవరూ నమ్మకపోయినా నాకు పట్టింపు లేదు.

అప్పట్లో మా ఊళ్లో టీ అంటే జ్వరం వచ్చినవాళ్లు తాగే కషాయమని అనుకునేవాళ్లే ఎక్కువ. మా అత్తకు మాత్రం అదొక పెద్ద చదువు. మామ పోయాక, చంటిబిడ్డగా ఉన్న నా మొగుణ్ణి చంకన వేసుకుని కూనూరు పోయి, అక్కడ ఒక టీతోట దొర బంగళాలో ఆయాగా చేరింది. దొర బిడ్డలను పెంచుతూనే దొర రుచి చూసే ఆకులన్నీ తానూ రుచి చూసింది. ఆ దొర కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయాక తిరిగి వచ్చింది. ఆమె వెంట పోయిన తమ్ముడు లేవి మాత్రం కూనూరులోనే ఉండిపోయాడు. టీ రుచి చూడటమే ఉద్యోగమైన ఇంకో దొరకు వంటవాడు. ఆ దొరకు దేశదేశాల నుంచి మచ్చుకు వచ్చిన ఆకులో మిగిలినదాన్ని పొట్లాలు కట్టి కడపకు రైల్లో పంపేవాడు. ఆ ఆకును మా అత్త రేకుడబ్బాల్లో పోసి, బైబిలు పెట్టుకునే బల్ల మీదే వరసగా పెట్టుకునేది.

ఒక్కొక్క మూత తీసి, వాసన చూపించి నాకు పాఠం చెప్పేది.

"ఇది నీలగిరి, మణీ. మంచులో పుట్టిన ఆకు. పూలబుట్ట మూత తీసినట్టుంటాది వాసన. ఇది సిలోను. నిమ్మకాయ పిండకుండానే పిండినట్టు సురుక్కుమంటాది. ఇది డార్జిలింగు. హిమాలయాల కాడ చలికి ముడుచుకొని పెరిగే ఆకు. ఎండుద్రాచ్చ వాసన. దీంట్లో పాలు పోస్తే పాపం."

"పాపమా అత్తా?"

"పది ఆజ్ఞల్లో లేదులే. మోషే డార్జిలింగు తాగింటే పదకొండోది కూడా అడిగి తెచ్చుండు."

"మరి ఈ అస్సాం?"

"అది పెద్ద ఏటిగట్టు ఆకు. వరదలు, బురద, ఏనుగులు. మొలకెత్తిన రాగులు వేయించిన వాసన. శానా చిక్కన. పాలూ బెల్లమూ లేకుంటే గొంతు పట్టుకుంటాది."

పెండ్లయిన మరునాడే చుట్టాలందరి ముందర నన్ను నాలుక చాపమంది. చాపాను. "చైనా పచ్చాకు," అంది. అది వేపాకుకు చెల్లెలు.

"నాకెందుకత్తా ఈ చేదు?"

"మాటలు ఎక్కువున్నోళ్లకు నాలుక కొంచేపు ముడుచుకోవాల."

నిజంగానే ముడుచుకుంది. ఆ పూటంతా నేను నోరు విప్పలేదు. చైనా డబ్బా ఎప్పుడూ అడుగంటకుండా చూడమని నా మొగుడు తన మేనమామ లేవికి ఆ వారమే కబురు పంపాడు.

మా చర్చి అయ్యగారిని కూడా ఆమె వదల్లేదు. "మీ ప్రసంగం నిద్రపోతాండాదయ్యా, సిలోను తాగి ఎక్కండి" అని ఒక ఆదివారం పొద్దున్నే పెద్ద గ్లాసు పట్టించింది. ఆ రోజు అయ్యగారు సురుగ్గా మొదలుపెట్టి, అంతకంటే సురుగ్గా ముగించారు. సంఘమంతా వరసగా వచ్చి అయ్యగారికి కాక మా అత్తకు వందనాలు చెప్పి పోయింది.

ఇక ఓబుళరెడ్డి. ఊరికి పెద్ద. ఊరవతల ఉన్న మా పాళెంలో మంచినీళ్లు కూడా ముట్టడు. టీ సంగతి మాత్రం వేరు. కట్టుబాట్లు పెట్టిన పెద్దలకు టీ అంటే ఏమిటో తెలియదు కాబట్టి, టీకి అంటు లేదని ఆయన తనకు తానే తీర్పు ఇచ్చుకున్నాడు. ఎండ తగ్గాక తన వెండిగ్లాసు కండువాలో చుట్టుకుని వచ్చి, మా వాకిట్లో నిలబడి, పైనుంచి పోయించుకునేవాడు.

"గ్లాసు నీది, నోరు నీది. ఆకు మాత్రం నేను జెప్పిందే నాయనా," అనేది మా అత్త. ఆయనకు ఎప్పుడూ డార్జిలింగే.

"ఏందే జీవమ్మా, గ్లాసు అడుగు కనపడతాండాది! ఆ చిక్కటిది పొయ్యి."

"నీది నేతి నాలుక. నున్నగా, ఎర్రగా ఉండాది. దానికి ఇదే."

ఆయన మూలుగుతూ తాగేవాడు. మరునాడు మళ్లీ వచ్చేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మా వీధి చివర ప్రేమయ్య అని ఒక చిన్న రైతు ఉండేవాడు. కొంచెం మెట్టచేను, ఒక ఎద్దు, ఇంట్లో బాలింత పెండ్లాం సుగుణమ్మ, మూలన ఒక మూట వేరుశెనగ విత్తనం. అతని సంసారమంతా అదే. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఆ మూట ముడి మాత్రం విప్పలేదు. విప్పి తింటే, రేపు వాన వచ్చినా చేను బీడే. అలాగని వాన వచ్చేదాకా తిండి లేకుండా మనిషి నిలబడతాడా? అతను పడిపోతే విత్తేవాడు లేడు, ఆ తల్లీబిడ్డలకు దిక్కు లేదు. ఇది పాళెం అంతటికీ తెలుసు. పిలిచి పెడదామనే అందరూ చూశారు. ఎవరు "అన్నం తింటివా ప్రేమయ్యా?" అన్నా, "ఇప్పుడే తినొస్తి" అనేవాడు. మా వైపు మర్యాద అది. కళ్లు తిరుగుతున్నా ఆ మాటే అనాలి. ఒకసారి అన్నాక దేవదూత వచ్చి వడ్డించినా చెయ్యి చాపకూడదు.

ఒక మధ్యాహ్నం ప్రేమయ్య ఎద్దును కట్టే పలుపుతాడు అడగడానికి మా ఇంటికి వచ్చాడు.

"నాలుక చాపు," అంది మా అత్త.

చాపాడు. ఆమె మామూలుకంటే ఎక్కువసేపు చూసింది. మోచేతులైతే చూడాల్సిన పనే లేదు, ఎముకలు వాటంతట అవే కనబడుతున్నాయి.

"అస్సాం," అంది.

"టీ వద్దులే అక్కా."

"నిన్నెవురడిగినారు? నీ నాలుక అడిగింది. మణీ, రొట్టెలు పట్రా."

"రొట్టెలెందుకక్కా? నేను ఇప్పుడే తినొ..."

"ఆపు! అన్నం తింటివా అని నేను అడిగినానా? అడగనిదానికి జవాబు చెప్పద్దు. ఈ ఆకు ఉత్తగా దిగదు, జొన్నరొట్టె మీదనే దిగుతాది. ఇది ఆకు గుణం. అస్సాములో ఏనుగులకు కూడా రొట్టె పెట్టినాకే పోస్తారు."

ఏనుగుల మాట వినేసరికి ప్రేమయ్య వసారాలో చతికిలబడ్డాడు. మేకపాలు, బెల్లం పోసి కాచిన ఆ చిక్కటి టీతో రొట్టెలు తిన్నాడు. లేవబోతుంటే మా అత్త ఒక చెంబు చేతికిచ్చింది.

"ఇంగా ఉండాదప్పా. ఈ ఆకు ఒంటిగా తాగకూడదు. రెండో కాపు ఇంట్లో ఆడమనిషికి తీస్కపోవాల."

చెంబు మీద మూతగా రొట్టెలు పేర్చి ఉన్నాయి.

"ఇత్తడి మూత లేదా అక్కా?"

"ఉండాది. ఇత్తడి పెడితే ఈ ఆకు వాసన చెడతాది. దీనికి జొన్నరొట్టే మూత. తడిసిన మూత మళ్లీ పనికిరాదు. ఆడనే తినేయండి."

ఆ రోజు నుంచి ప్రేమయ్య రోజూ అస్సాంకు వచ్చేవాడు. అతనే కాదు, ఆ కరువులో మా పాళెంలో అస్సాం నాలుకలు బాగా పెరిగాయి. నేను జొన్నలు విసిరి విసిరి, రొట్టెలు తట్టి తట్టి, అస్సాములోని ఏనుగులన్నింటినీ పేరు పెట్టి తిట్టుకునేదాన్ని. మా అత్త మాత్రం నీలగిరి ఒక్కటే తాగేది, పాలూ బెల్లమూ రొట్టె కూడా లేకుండా.

కొన్నాళ్లకు అస్సాం డబ్బా ఖాళీ అయింది. లేవి మామ పార్సెలు రాలేదు. మా అత్త నీలగిరి ఆకు తీసి అస్సాం డబ్బాలో పోస్తుంటే చూశాను.

"అత్తా, అది నీలగిరి గదా?"

"కనిపెట్టినావే! నీ నాలుక పదునెక్కుతాండాది. డబ్బా మీద పేరేముండాది?"

"అస్సాం."

"అయితే అస్సామే. పో, రొట్టె మాడుతాండాది."

రొట్టె తిరగేస్తూ ఉంటే నాకు అంతా వెలిగింది. ఆకు మారినా రొట్టె మారదు. "అన్నం తింటివా?" అని అడిగితే "తినొస్తి" అంటారు. అన్నాక పెట్టే దారి మూసుకుపోతుంది. ఇన్నేండ్లూ మా అత్త ఆ మాట అడగనిది అందుకు! ఆ మహాతల్లి మీద నాకు పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. అయినా వెంటనే పోయి చెప్పలేదు. చెబితే చైనా పచ్చాకు పోస్తుందని భయం.

అంతా బాగానే సాగుతుండగా ఒకరోజు ఓబుళరెడ్డి తొందరగా వచ్చేశాడు. ప్రేమయ్య ఇంకా తింటున్నాడు. రెడ్డి డార్జిలింగు పోయించుకుని అతని పళ్లెం చూశాడు, తన గ్లాసులోని తేటనీళ్లు చూశాడు. కడుపు మండిపోయింది.

"ఏందే జీవమ్మా ఈ అన్యాయం! వానికి పాలు, బెల్లం, రొట్టెలు. నాకు వేణ్ణీళ్లు! ఇది ఆకు గుణమా, నీ గుణమా?"

ప్రేమయ్య చెయ్యి ఆగిపోయింది. తుంచిన రొట్టెముక్క మెల్లగా పళ్లెంలోకి దిగింది. ఇది జాలితో పెట్టిన కూడని అతనికి తోచిందంటే లేచిపోతాడు. పోతే మళ్లీ రాడు. వాన జాడ ఇంకా ఎక్కడా లేదు.

మా అత్త తల కూడా తిప్పలేదు.

"ఆకు గుణమే నాయనా. నీకూ అస్సాం కావాల్నా? దానికేం, పోస్తా. మణీ, రెడ్డికి రెండు రొట్టెలు పట్రా."

తెచ్చాను. మా పిండి, మా పెనం, మా పొయ్యి మీద కాలిన రొట్టెలు.

"తిను. తిన్నాక పోస్తా."

రెడ్డి రొట్టెల వంక చూశాడు. వీధి వంక చూశాడు. ఆయన పెద్దలకు టీ సంగతి తెలియదు గానీ రొట్టె సంగతి బాగా తెలుసు. దాని మీద గట్టి కట్టుబాట్లే పెట్టి పోయారు.

"రొట్టె లేకుండా పొయ్యరాదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"కుదరదు. ప్రేమయ్యకొక చట్టం, నీకొక చట్టమా? తింటేనే అస్సాం."

అప్పుడు ఆయన చూపు ప్రేమయ్య మీద పడింది. మెడ కింది గుంటల మీద, పళ్లెంలో ఆగిన వేళ్ల మీద.

"నాకొద్దులే," అన్నాడు చివరికి. "నా నాలుకకు ఇదే సరి. నువ్వు తినప్పా ప్రేమయ్యా. చట్టం చట్టమే గదా. ఆకు సల్లారిపోతాండాది."

రెడ్డికే తప్పని చట్టం తనకు మాత్రం తప్పుతుందా? ప్రేమయ్య రొట్టెముక్క మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. నేను ఇంకో రొట్టె పెనం మీద వేశాను.

మరునాడు రెడ్డి జీతగాడు దాసన్న వచ్చి మా వాకిట్లో జొన్నల మూట దించాడు.

"అస్సాం ఆకుకంట," అన్నాడు.

"రెడ్డి ఇంకేమన్నా అన్న్యాడా?"

"ఆ ఆకు శానా తింటాదంట గదా, అన్న్యాడు."

వాన ఆలస్యంగా వచ్చినా వచ్చింది. ప్రేమయ్య తన కాళ్ల మీద నిలబడి, తన చేత్తో విత్తనం మూట విప్పి విత్తాడు. చేను మంచి కాపు కాసింది. కాయలు తెంపి ఆరబెట్టాక మా ఇంటికి వచ్చి, అడగకముందే నాలుక చాపి నిలబడ్డాడు.

మా అత్త నాలుక చూసింది. కళ్లు చూసింది. కండపట్టిన మోచేతులు చూసింది.

"డార్జిలింగు," అంది.

"అదేందక్కా! నేనేం తప్పు జేస్తి?"

"నీది ఇప్పుడు నేతి నాలుక. ఇంగ నువ్వూ రెడ్డి మాదిరి మూలుగుతా తాగాల్సిందే."

ప్రేమయ్య ఆ తేటనీళ్లు ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. బయటికి పోయి గోనెసంచి ఒకటి భుజాన వేసుకొచ్చి, కొత్త వేరుశెనక్కాయలు మా వసారాలో రాశిగా గుమ్మరించాడు.

"ఇదేందప్పా?"

"ఈ ఆకు గుణమక్కా. డార్జిలింగు ఉత్తగా దిగదంట. దీనికి శెనక్కాయలే తోడంట."

"ఎవురు జెప్పినారు నీకు?"

"హిమాలయాల కాడ అందరికీ తెలుసంట. ఆడి ఏనుగులు కూడా ఇట్లనే తాగుతాయంట."

వేంపల్లెలో అందరి నాలుకలకూ తీర్పు చెప్పిన మా అత్తకు ఆ పూట తన నాలుక కదల్లేదు. ప్రేమయ్య ఆమె ముందుకు వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందక్కా, మాట రాలే? నాలుక చాపు."

మా అత్త నవ్వు ఆపుకోలేక, ఆ నవ్వుతోనే చాపింది. ప్రేమయ్య తీరిగ్గా నాలుక చూశాడు, కళ్లు చూశాడు, మోచేతులు చూశాడు. చూసి నా వైపు తిరిగాడు.

"అస్సాం," అన్నాడు. "మణెమ్మా, మీ అత్తకు రొట్టెలు పట్రా."