పేరు ఏ ఊళ్ల రాయాలె

రాసుకో బిడ్డా, గిది గూడ రాయి. మెట్‌పల్లి పక్క మా ఊళ్ల నలుగురం ఆడోళ్లం ఓటరు లిస్టుల పేర్లు ఎక్కించనీకి ఇల్లిల్లు తిరిగినం. ఏ పార్టీ తరఫున గాదు, మా అంతట మేమే. ఊరి పెద్దమనిషి తన ఇంట్ల అందరి పేర్లు చెప్పిండు. అరుగు మీద ఆయన చెల్లె బీడీలు చేస్తున్నది. మొగడు ఎల్లగొడితే వచ్చి ఐదేండ్లాయె.

"నాది రాయవా అక్కా?" అన్నది.

"నీది అత్తగారూళ్ల ఉంటది తియ్యి," అన్నడు అన్న. "పెండ్లయిన ఆడిపిల్లకు ఈడ ఓటేంది?"

ఆడ గూడ ఉండదని నాకు తెలుసు. అయినా ఆయనకు కోపమొస్తె మిగిలిన ఇండ్లల్ల తలుపు తియ్యరని భయపడ్డ. ఫారం మడిచిన.

ఓట్ల దినం ఆమె పొద్దుగాలనే అత్తగారూరికి నడిచిపోయింది. లిస్టుల పేరు లేదన్నరట. అందరి ముందల అత్త, "ఎవలింటికొచ్చినవే?" అని నవ్విందట. తిరిగొచ్చి నన్ను తిట్టలే. "నువ్వు రాస్తవనుకున్న అక్కా," అన్నది, గంతే.

మల్ల లిస్టు రాసేటప్పుడు ముందుగాల ఆమె తానికే పోయిన.

"మా అన్ననడుగు పో," అన్నది. బీడీల మీదికెల్లి తల గూడ ఎత్తలే.