నడుము దాటని చేయి

మా ఊళ్లో ఈత ఎవరూ నేర్పరు. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. నేర్పేది ఒక్కటే: చిక్కుపడ్డ వల విడిపించడానికి సముద్రంలో దిగితే చేయి నడుము దాటి వెనక్కి పోకూడదు. వెనక వల తేలుతూ ఉంటుంది. అందులో మణికట్టు చిక్కితే మనిషి మిగలడు. నాయన తమ్ముడు, మా చిన్నాయన, అలాగే పోయాడు.

అందుకే నెల్లూరు స్విమ్మింగ్ పూల్‌లో నేను అందరికంటే గట్టిగా ఈది, అందరికంటే వెనకబడేవాణ్ణి. బీచ్‌లో లైఫ్‌గార్డు ఉద్యోగానికి ఈత పరీక్ష పెట్టారు. వయసు దాటిపోతోంది కనుక నాకు అదే ఆఖరి అవకాశం. అది పోతే మళ్లీ పడవే. పడవ నాకేం చేదు కాదు. కానీ గాలి లేచిన రోజున నా భార్య ఒడ్డు మీద నిలబడే తీరు చూడలేకపోతున్నాను.

కోచ్ గట్టు మీద నాతోపాటు నడుస్తూ అరిచేవారు.

"నీళ్లు బాగానే లాగతా ఉండావు, చివర్లో వదిలేస్తా ఉండావే! బలమంతా ఆ చివరి తోపులోనే ఉండేది. బొటనవేలు తొడకు తగలాల, ఆ తర్వాతే మోచేయి లేపాల. బద్ధకమా నీకు?"

బద్ధకమట! ఒళ్లు మండిపోయేది. పూల్‌లో వల ఉండదని నాకు తెలియదా? చేతికి చెప్పేదెవరు? నడుము దగ్గరికి రాగానే అది దానంతటదే పైకి లేచేది. ఆ సంగతి కోచ్‌తో అనలేదు. నీళ్లంటే భయపడేవాడికి ఈ ఉద్యోగమెందుకు అంటారేమోనని అదొక భయం.

పరీక్ష రోజు నాయన కూడా వచ్చాడు. విజిల్ వేశారు. అవతలి గోడ దాకా పాత పద్ధతిలోనే ఈదాను. పక్క వరసలో వాడి కాళ్లు నన్ను దాటిపోయాయి. ఇక అయిపోయింది అనుకున్నాను. తిరుగు దారిలో పళ్లు బిగించి చేతిని వెనక్కి తోశాను. బొటనవేలు తొడకు రాసుకుంది. ఒళ్లు ముందుకు జారింది. మళ్లీ తోశాను. ఇప్పుడు వల పట్టుకుంటుంది, ఇప్పుడు పట్టుకుంటుంది అనుకుంటూనే ప్రతిసారీ తోశాను. పక్కవాడి కాళ్లు మళ్లీ వెనకబడ్డాయి.

ఎంపికైన వాళ్లలో నా పేరు చదివారు. తడి ఒంటితోనే నాయన దగ్గరికి పరిగెత్తాను. సంతోషంగా భుజం తడతాడనుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"చూస్తానే ఉన్నా. నీ చేతికి భయం పోయినాది," అన్నాడు. "వద్దు, ఇంక నువ్వు వల కాడికి రాబాక."