పడుకోనివ్వని మామయ్య

మా పెద్దమామయ్యకి ఒకటే పిచ్చి. విమానం దిగి ఆయనింటికి వచ్చిన మనిషిని పొద్దుగూకేదాకా పడుకోనివ్వడు. మిగతా విషయాల్లో అంత మెత్తటి మనిషిని మీరు చూసి ఉండరు. కోపం లేదు, ఒకరిమీద చాడీ లేదు, టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయినా మాట్లాడకుండా తాగేస్తాడు. కానీ మీరు విమానం దిగారా, అయిపోయారన్నమాటే. "వచ్చినరోజు పగలు పడుకున్నావంటే వారం రోజులు రాత్రిళ్ళు గుడ్లగూబవే. ఒక్కరోజు ఓర్చుకో," అంటాడు. మీరు ఆవలించడానికి నోరు తెరిస్తే చాలు, మొహం ముందు చిటికె వేసి, "ఇంకా పొద్దుంది!" అంటాడు.

పొద్దంటే అక్కడి పొద్దు మామూలుది కాదు. వేసవిలో రాత్రి తొమ్మిదిన్నరకి గానీ గుంకదు. మా వాళ్ళందరూ ఖర్మకాలి వేసవి సెలవుల్లోనే వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చి ఊరెలా ఉందో చెప్పేవాళ్ళు కాదు, మామయ్య ఎలా చంపుకుతిన్నాడో చెప్పేవాళ్ళు. ఇంట్లో అందరం ఆయన్ని అలారం మామయ్య అనేవాళ్ళం.

మా అన్నయ్య వెళ్ళినప్పుడు స్నానమని చెప్పి బాత్రూంలో దూరి, గడియ పెట్టుకుని, తువ్వాలు తలకింద పెట్టుకుని నేలమీద పడుకున్నాడట. మామయ్య తలుపు కొట్టలేదు, తిట్టలేదు. బయట నిలబడి ఎక్కాలు మొదలుపెట్టాడు. "పదమూడు ఒకట్ల పదమూడు, పదమూడు రెళ్ళ ఇరవై ఆరు..." పదిహేడో ఎక్కం మధ్యలో తప్పు చదివాడట. లెక్కల మాస్టారైన మా అన్నయ్య ఆ తప్పు భరించలేక తలుపు తీసుకుని బయటికి వచ్చేశాడు.

మా పిన్నిదింకో కథ. ఆవిడ ఆయనకి సొంత చెల్లెలు, మోకాళ్ళ నొప్పుల మనిషి. "ఒక్క అరగంట నడుం వాలుస్తా అన్నయ్యా," అందట. "అలాగేనమ్మా, ఒక్క పాల ప్యాకెట్ తెచ్చిపెట్టి వాల్చు," అన్నాడట. తెచ్చింది. "అయ్యో, ఉప్పు కూడా లేదే!" తర్వాత అగ్గిపెట్టె. తర్వాత ఇంకో పాల ప్యాకెట్. సాయంత్రానికి ఆవిడ మూడంతస్తుల మెట్లు ఆరుసార్లు ఎక్కి దిగింది. "వాడు నా తోడబుట్టినవాడు కాదే, నా పాలిట యముడు," అని ఇంటికొచ్చాక కూడా అంటూనే ఉండేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

తర్వాత నావంతు వచ్చింది.

నేను కట్టుడుపళ్ళు చేస్తాను. నోట్లో పెట్టేది డాక్టరు, వెనకాల వర్క్‌షాపులో కూర్చుని పన్ను చెక్కేది మాలాంటివాళ్ళు. మామయ్య ఉన్న ఊళ్ళో ఒక పళ్ళ వర్క్‌షాపులో ఖాళీ ఉందని తెలిసి రాస్తే, యజమానురాలు ఒక్క షరతు పెట్టింది. ఫలానా రోజు ఉదయం ఎనిమిదింటికి వచ్చి, తన కళ్ళముందు మైనంతో ఒక దవడపన్ను చెక్కి చూపించాలి. బాగుంటే ఉద్యోగం, లేకపోతే వచ్చిన దారినే వెళ్ళడం. నాకు వీసా ఆలస్యమై, ఆ ఫలానా రోజుకి ముందురోజు ఉదయమే విమానం దిగాను. ఇరవై రెండు గంటల ప్రయాణం. కళ్ళు మూస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకుపోతున్నాయి. అంత మత్తులోనూ చేతులు చూసుకున్నాను. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. వణికే చేతులతో పన్ను చెక్కితే అది పన్ను కాదు, ముక్కు అవుతుంది.

మామయ్య విమానాశ్రయంలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే పెట్టె లాక్కున్నాడు.

"బాగున్నావా తల్లీ?"

"నిద్రొస్తోంది మామయ్యా."

"ఇంకా పొద్దుంది," అన్నాడు. అప్పుడు ఉదయం ఎనిమిది.

ఇంటికి చేరగానే మంచం కోసం వెతికాను. మంచం ఉంది, పరుపు లేదు. పరుపుని గోడకి నిలబెట్టి, ప్లాస్టిక్ తాడుతో కిటికీ ఊచలకి కట్టేశాడు. ముడి మీద ముడి, ఏడు ముడులు. సోఫా నిండా ఉల్లిపాయలు ఆరబోశాడు. కూర్చోవడానికి మిగిలింది ఒక్క స్టూలు, దానికి ఒక కాలు పొట్టి. ఒంటరి మనిషి, అడిగేవాళ్ళు లేరు, అందుకే ఇలా తయారయ్యాడనుకున్నాను.

స్నానం చేసి, రొట్టె తిని, నడక మొదలు. రేపు వెళ్ళాల్సిన వర్క్‌షాపు దాకా నడిపించాడు. తలుపు చూపించాడు, వెనక్కి తెచ్చాడు, మళ్ళీ తీసుకెళ్ళాడు. "దారి కాళ్ళకి తెలియాలమ్మా," అంటాడు. మూడోసారి నన్నే ముందు నడవమని తను వెనకాల వచ్చాడు. బస్సెక్కితే కూర్చోనివ్వలేదు. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా ఇద్దరం కమ్మీ పట్టుకుని వేలాడుతూ నిలబడ్డాం. డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని వింతగా చూశాడు.

తాళాల షాపులో నాకోసం ఇంటి తాళంచెవికి నకలు చేయిస్తుంటే, నిలబడే నిద్రపోయాను. తల పోయి పక్కనున్న పెద్దాయన భుజం మీద వాలింది. ఆయన పాపం కదలకుండా నిలబడి, "మీ అమ్మాయికి ఒంట్లో బాలేదా?" అని అడిగాడట.

"బాగానే ఉందండీ, ఇంకా పొద్దుంది," అన్నాడట మామయ్య.

ఒక్కటి మాత్రం గమనించాను. మామయ్య కూడా ఎక్కడా కూర్చోడు. గంటకోసారి ఏదో ఒక కుళాయి దగ్గర ఆగి మొహం మీద నీళ్ళు కొట్టుకుంటాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆపకుండా మాట్లాడతాడు, ఒక్కోసారి చెప్పిన మాటే మళ్ళీ చెబుతాడు. మామయ్యకి మందు అలవాటుందేమో, ఈ సంగతి అమ్మకి ఎలా చెప్పాలా అని కూడా ఆలోచించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే ఆలోచించాను.

సాయంత్రం నాలుగింటికి ఒక పార్కులో బెంచీ కనబడింది. ఇక నావల్ల కాలేదు. కూలబడ్డాను. మామయ్య చెయ్యి పట్టుకుని లేపబోయాడు.

"లే తల్లీ, ఇంకా పొద్దు..."

"పొద్దూ లేదు, గిద్దూ లేదు! వదలండి నన్ను!" అని అరిచాను. పావురాలు లేచిపోయాయి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. నా నోటికి తాళం ఎప్పుడూ లేదు. "రాత్రంతా మంచంమీద హాయిగా దొర్లి లేచినవాళ్ళకి ఏం తెలుస్తుంది మామయ్యా, నిద్రలేనివాళ్ళ బాధ? మీకు కాలక్షేపం, నాకు ప్రాణసంకటం! రేపు నా చేతులు వణికి ఉద్యోగం పోతే మీరిప్పిస్తారా?"

ఆయన చెయ్యి వదిలేశాడు. కాసేపు పావురాలవైపు చూశాడు.

"అదీ నిజమే తల్లీ," అన్నాడు. "లే. ఇంకా ఐదు గంటలే."

లేచాను గానీ మాట్లాడలేదు. మిగతా ఐదు గంటలూ ఆయన రెండడుగులు ముందు, నేను మొహం ముడుచుకుని వెనకాల. తొమ్మిదిన్నరకి ఏడు ముడులూ విప్పి పరుపు పరిచాడు. "పడుకో," అన్నాడు. వెళ్ళొస్తానని కూడా ఏదో అన్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

పొద్దున్న ఐదున్నరకి ఎవరూ లేపకుండా మెలకువ వచ్చింది. ఒళ్ళు తేలిగ్గా ఉంది. చేతులు చాచి చూసుకున్నాను, రాయిలా ఉన్నాయి. మామయ్య ఇంట్లో లేడు. తయారై ఏడింటికి మెట్లు దిగుతుంటే ఎదురొచ్చాడు. నీలంరంగు యూనిఫారం, చేతిలో టిఫిన్ డబ్బా, జుట్టు నిండా దూదిపోగులు.

"ఎక్కణ్ణుంచి మామయ్యా?"

"డ్యూటీ నుంచి."

"రాత్రంతా డ్యూటీయా?"

"పాతికేళ్ళుగా రాత్రి డ్యూటీయేగా నాది. హాస్పిటల్ లాండ్రీ. పది నుంచి ఆరున్నర. పొద్దున్నకల్లా వార్డులన్నిటికీ ఉతికిన దుప్పట్లు వెళ్ళిపోవాలి."

"మరి నిన్న డ్యూటీ దిగి అటునుంచటే విమానాశ్రయానికి వచ్చారా? పగలంతా నాతో తిరిగి, మళ్ళీ డ్యూటీకా? ఎప్పుడు పడుకున్నారు?"

"మొన్న పడుకున్నానుగా," అన్నాడు. "ఏదీ, చేతులు చూపించు."

చూపించాను. ఆయన నా వేళ్ళకేసి కంసాలి బంగారం చూసినట్టు చూసి, "ఒక్కటీ వణకడం లేదు. ఫో, టైమవుతోంది," అని మెట్లమీదనుంచి తోసినంత పనిచేశాడు. నా వేళ్ళ కింద పట్టిన ఆయన చెయ్యి మాత్రం వణుకుతోంది. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది. ఆయన చెప్పనివ్వలేదు.

పన్ను చెక్కాను. యజమానురాలు దాన్ని అటూ ఇటూ తిప్పి, దీపం కింద పెట్టి, సోమవారం నుంచి రమ్మంది. బయటికి వచ్చి ముందు అన్నయ్యకి ఫోన్ చేశాను.

"ఉద్యోగం వచ్చింది అన్నయ్యా. సరే గానీ, మామయ్య పని రాత్రిళ్ళని నీకు తెలుసా?"

"హాస్పిటల్లో పనన్నాడే. ఎప్పుడని అడగలేదు. నేను పడుకున్నాక వెళ్ళి, పగలు నేను ఊరు తిరుగుతుంటే పడుకునేవాడు కాబోలు. అయ్యో, పదిహేడో ఎక్కం అందుకా తప్పాడు!" అన్నాడు. పిన్నికి చేస్తే ఆవిడ ఏడ్చింది. "తోడబుట్టినవాణ్ణి యముడన్నానే! మెట్లపైన గుమ్మం దగ్గర కళ్ళు నులుముకుంటూ నిలబడి ఉండేవాడే!" అంది. లెక్కేస్తే ఆయనింట్లో దిగినవాళ్ళం మొత్తం పద్నాలుగుమందిమి. అందరం ఆయన టీ తాగాం, ఆయన పరుపుమీద పడుకున్నాం, వెనక్కొచ్చి ఆయన్నే అనుకరించి నవ్వాం. మీరెన్ని గంటలకి పనికెళతారు మామయ్యా అని ఒక్కరం కూడా అడగలేదు.

సాయంత్రం, చెప్పాల్సిన మాటలన్నీ దారంతా వల్లెవేసుకుంటూ ఇంటికి వెళ్ళాను. మామయ్య బూట్లు కూడా విప్పకుండా పరుపుమీద అడ్డంగా పడి గుర్రుపెడుతున్నాడు. "మామయ్యా, నన్ను క్షమించండి," అన్నాను. గురక. మళ్ళీ అన్నాను, ఇంకాస్త పెద్ద గురక. బూట్లు విప్పాను. తొమ్మిదయింది, తొమ్మిదింపావయింది. లేపాలి. చెయ్యి భుజందాకా వెళ్ళింది గానీ లేపలేకపోయాను. గోడమీద రాసి ఉన్న నంబరు చూసి లాండ్రీకి ఫోన్ చేశాను.

"ఆయన సెలవు పెట్టడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. ఒంట్లో ఎలా ఉంది?" అన్నాడు సూపర్‌వైజర్ కంగారుగా.

"బాగానే ఉందండీ. చాలా బాగా పడుకున్నారు," అన్నాను.

మర్నాడు తెల్లారి ఆరింటికి ఇల్లెగిరిపోయేలా కేక వినబడింది. "ఎవరు? నన్నెవరు పడుకోనిచ్చారు?"

"నేనే మామయ్యా. సెలవు చెప్పాను."

"నాకు సెలవేంటే! మూడో వార్డుకి దుప్పట్లెవరు పంపిస్తారు?" అంటూ ఒక బూటు వేసుకుని రెండోదాని కోసం మంచంకింద వెతుకుతున్నాడు. నేను అడ్డంగా నిలబడి, వల్లెవేసిన మాటలన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పార్కులో తప్పుగా మాట్లాడానని, ఆయన నిద్ర సంగతి తెలియక కాదు, అడగక అలా అన్నానని, ఆ మాట తల్చుకుంటే తల ఎత్తుకోలేకపోతున్నానని.

మామయ్య మంచంకింద నుంచి తల బయటికి పెట్టాడు.

"పార్కులో ఏమన్నావే? నాకేం వినబడలేదు. నేనప్పుడు నడుస్తూనే నిద్రపోతున్నాను," అన్నాడు. "పద, పద, టీ పెట్టు. ఉద్యోగం వచ్చిందా లేదా, అది చెప్పు ముందు."

వచ్చిందని చెప్పాను. ఆ ఒంటి బూటుతోనే ఇల్లంతా కుంటుతూ తిరిగి, అమ్మకి ఫోన్ చెయ్యమన్నాడు. నేను టీ పెట్టాను. ఏమీ వినబడని మనిషి "అదీ నిజమే తల్లీ" అని ఎలా అన్నాడో మాత్రం, ఈ రోజుదాకా ఆయన్ని అడగలేకపోయాను.