మా జీపు హెడ్డు దించబోయిన వారం

“నేను లేనప్పుడు బానెట్ లేపకే.”

“లేపనయ్యా. నువ్వు జర కండ్లు మూసుకో.”

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. దవాఖాన మంచం మీద, ముక్కుకు గొట్టం పెట్టుకుని ఉన్న మనిషి, పిల్లల మాట ఎత్తలేదు, పొలం మాట ఎత్తలేదు. ఈ ఒక్క ముక్క చెప్పి అటు తిరిగి పడుకున్నాడు. పక్కన ఉన్న నర్సమ్మకు ఏమీ అర్థం కాక నా మొహం చూసింది. నాకైతే ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పాలంటే పాతికేళ్ళు వెనక్కి పోవాలి. నాకు సంతకం వరకే చదువు గనుక మా కోడలితో రాయిస్తున్నాను. (చెప్పింది చెప్పినట్టు రాయి బిడ్డా, నీ సొంతం కలపకు.)

ఆ రోజుల్లో బండి అంటే ఇంట్లో ఇంకో మనిషి. ఇప్పుడు చేవెళ్ళ నుంచి మొయినాబాద్ దాకా రోడ్డు నిండా కార్లే. ఏదన్నా ఆగిపోతే ఫోన్ చేస్తారు, ఎవరో వచ్చి ఎత్తుకుపోతారు, లోపల దానికేమైందని అడిగే దిక్కు ఉండదు. అప్పుడు అలా కాదు, జీపు రెండుసార్లు దగ్గితే మా గల్లీలో పదిమంది పది మందులు చెప్పేవాళ్ళు. మా ఆయన పెళ్ళికి ముందు శంకర్‌పల్లి షావుకారు ఒకాయన దగ్గర లారీ నడిపేవాడు. పోతే పదిహేను రోజులు, ఎక్కడున్నాడో ఏం తిన్నాడో తెలియదు. మా పుట్టినూరు సురంగల్‌లో మా బాపు సంబంధం మాట్లాడేటప్పుడు కట్నకానుకల కంటే ముందు “పిల్లగాడు ఇంటి పట్టున ఉంటడా?” అని అడిగాడట. ఆ ఒక్క మాట కోసం మా ఆయన లారీ దిగి పాత డీజిల్ జీపు కొన్నాడు. పొద్దున్నే చేవెళ్ళలో వెనక మనుషులను, పైన టమాటా పెట్టెలను ఎక్కించుకుని పట్నం పోవడం, పొద్దుగూకే లోపల ఇంటికి రావడం. అందుకే ఆ జీపంటే నాకు ప్రాణం. మా అత్తకు మాత్రం దాన్ని చూస్తే గుండెదడ. “ఇది ఒక్కపారి పెద్ద రిపేరుకు వచ్చిందంటే అమ్ముడే. నువ్వు మళ్ళ లారీ ఎక్కుడే” అని కొడుకుకు ముందే చెప్పి పెట్టింది. షావుకారు కూడా వారం వారం కబురు పంపుతూనే ఉన్నాడు.

పెళ్ళయ్యాక మొదటి దసరా వచ్చింది. ఇక్కడ మా పుట్టింటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా బావి దగ్గర నీళ్ళు తోడే పాత ఆయిల్ ఇంజిన్ ఉండేది. దాని నెత్తి మీద నీళ్ళు పోసే తొట్టి, మూత కూడా లేకుండా, గంగాళంలా తెరిచి ఉండేది. ప్రతి దసరాకు మా బాపు కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు మాకెవరికీ ఇవ్వకుండా ముందు ఆ తొట్టిలో పోసేవాడు. మొదటి గుక్క ఇంజిన్ తాగితే ఏడాదంతా మొరాయించదని ఆయన నమ్మకం. నిజంగా మొరాయించేది కాదు కూడా. సరే, చేవెళ్ళలో మా ఆయన జీపు కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, జమ్మి దగ్గరికి మగవాళ్ళతో పోయాడు. అత్త కాయ కొట్టి హారతికి లోపలికి పోయింది. చెంబులో పట్టిన కొబ్బరినీళ్ళతో నేను ఒక్కదాన్నే మిగిలాను. బానెట్ లేపి ఉంది. తొట్టి కోసం వెతికాను, కనబడలేదు. పట్నం బండి కదా, తొట్టికి మూత పెట్టుకుని ఉంటుందనుకున్నాను. ఇంజిన్ నెత్తి మీదే గుండ్రటి మూత ఒకటి దొరికింది. తిప్పితే వచ్చింది. “తాగు తల్లీ, ఆయనను ఇంటికాడనే ఉంచు” అని మొక్కి చెంబెడు నీళ్ళూ పోశాను. మూత తిరిగి బిగించబోతే కొత్త గాజులు చేతికి నొక్కుకున్నాయి, సగంలో వదిలేశాను. పుణ్యం చేసిన సంతోషంతో లోపలికి పోయి పాయసం తిన్నాను.

మూడోనాడు పొద్దున వాకిలి ఊడుద్దామని పోతే, ముగ్గు మధ్యలో నల్లటి మరక. మా ఆయన వంగి చూశాడు. ఇంజిన్ పక్క పొడవునా ఆయిల్ కారి ఉంది. చేవెళ్ళ మేస్త్రిని పిలిచాడు. అతను చూసీ చూడగానే “ఈ ఆయిల్ మూత లూజున్నదేందన్నా?” అన్నాడు. మా ఆయన “నేనే సరిగ్గ పెట్టలేదేమో” అని తప్పు తన మీద వేసుకున్నాడు. మూత విప్పి లోపలి వైపు చూపించాడు మేస్త్రి. అక్కడ వెన్న పూసినట్టు తెల్లటి జిడ్డు. అతని మొహం మారిపోయింది.

“ఆయిల్ల నీళ్ళు కలుస్తున్నయన్నా. హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. హెడ్డు దింపాలె.”

హెడ్డు అంటే ఇంజిన్ పై సగమట. పై సగానికీ కింది సగానికీ నడుమ పలచటి రేకు ఒకటి ఉంటుందట. అది చెడితే రేడియేటర్ నీళ్ళు పోయి ఆయిల్‌లో కలుస్తాయట. అంతా విని నేను గుండె పట్టుకున్నానే గానీ, చెంబు సంగతి నాకు గుర్తే రాలేదు. దేవుడి పని వేరు, మేస్త్రి పని వేరు కదా! మూత గట్టిగా బిగించి అతను పోయాడు. మర్నాడు చూస్తే వాకిట్లో చుక్క ఆయిల్ లేదు.

“నిన్న కారింది, ఇయ్యాల కారలే. ఏందిది?” అన్నాడు మా ఆయన.

“ఉన్నదంత కారిపోయి ఉంటది” అంది అత్త.

ఇంజిన్‌లో ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే ఆయిల్ గీతకు పైనే ఉంది. “కారితే తగ్గాలె గద అవ్వా! పెరుగుడేంది?” అని ఆయన తల పట్టుకున్నాడు. గల్లీలో ఒకరు దిష్టి అన్నారు, ఒకరు డీజిల్ కల్తీ అన్నారు. అత్త మాత్రం తికమక పడలేదు, షావుకారుకు కబురు పంపింది. సోమవారం వచ్చి లారీ తాళం తీసుకోమని అటునుంచి జవాబు కూడా వచ్చింది.

ఆఖరి ఆశగా మా ఆయన జీపును మెల్లగా మొయినాబాద్ తీసుకుపోయాడు. అక్కడ ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు. పొడుగు స్క్రూడ్రైవర్ ఒక కొన ఇంజిన్‌కు, ఇంకో కొన చెవికి ఆనించి వింటాడని అందరూ డాక్టర్ చిచ్చా అనేవారు. చిచ్చా రేడియేటర్ మూత తీసి ఇంజిన్ నడిపించాడు, రేకు చెడితే రావాల్సిన బుడగలు నీళ్ళలో రాలేదు. వెనక్కి పోయి పొగ చూశాడు, తెల్లగా లేదు. రేడియేటర్‌లో నీళ్ళు వేలెడు కూడా తగ్గలేదు. మళ్ళీ ఆయిల్ మూత విప్పితే వెన్న ఉన్నచోటే ఉంది. “నీళ్ళు తగ్గలే, ఆయిల్ల మాత్రం నీళ్ళున్నయి. మరి ఏడికెళ్ళి వచ్చినయి? ఆస్మాన్‌కెళ్ళి వచ్చినయా?” అని జీపునే గద్దించాడట. రెండు చాయ్‌లు తాగినా తేలలేదు. “రేపు పొద్దుగాల హెడ్డు దింపి చూద్దాం, ఇంకో తొవ్వ లేదు” అన్నాడు. హెడ్డు దింపడమంటే మా ఇంట్లో జీపు అమ్మడమే.

మర్నాడు సురంగల్ పోయి అమ్మను చూసొస్తానని అత్తకు సాకు చెప్పి నేనూ ఆయనతో బయలుదేరాను. సంచిలో కొబ్బరికాయ. షెడ్డులో చిచ్చా పానాలు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. “ఆగుండ్రి, కాయ కొట్టకుంట పని మొదలువెట్టొద్దు” అన్నాను. చిచ్చాకు నచ్చింది. “అచ్ఛా బాత్ బేటీ” అన్నాడు. మా ఆయన రాయి మీద కాయ కొట్టాడు, నేను గ్లాసు పట్టాను. నీళ్ళు తనకేననుకుని చిచ్చా చెయ్యి చాపాడు. నేను ఆయనను దాటుకుని తిన్నగా జీపు దగ్గరికి పోయి, గ్లాసు పక్కన పెట్టి, మూత తిప్పడం మొదలుపెట్టాను.

“ఏయ్, ఏయ్! ఏం జేస్తున్నవే?” మా ఆయన అరిచాడు.

“మొన్న పండుగకు తాపిన గదా. సాలనట్టున్నది. ఇంకింత తాపుత.”

మా ఆయన చిచ్చాను చూశాడు. చిచ్చా నన్ను చూశాడు. తరువాత, రోగం తెలిసిన డాక్టరులాగే, చాలా మెల్లగా అడిగాడు.

“ఎంత తాపినవ్ బేటీ?”

“ఒక కాయ.”

“ముదురుదా, లేతదా?”

“ముదురుదే చిచ్చా. చెంబెడు నీళ్ళొచ్చినయి.”

ఆ మనిషి పాత టైరు మీద కూలబడి, కళ్ళజోడు తీసి, భుజం మీది గుడ్డతో కళ్ళు తుడుచుకుంటూ ఎంతసేపు నవ్వాడో చెప్పలేను. “అరె భాయ్, హెడ్డు కాదు, గ్యాస్కెట్ కాదు. మీ ఇంట్లున్న భక్తి!” అన్నాడు. కింద బోల్టు విప్పితే పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఆయిల్ దిగింది. కొత్త ఆయిల్ పోసి, కాసేపు నడిపి, అదీ తీసేసి, ఫిల్టర్ మార్చి, మళ్ళీ పోశాడు. సాయంత్రం మూత విప్పి చూస్తే వెన్న లేదు. మూత నా చేతికి లొంగనంత గట్టిగా బిగించి ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆయన నా వైపు తిరగకుండా బండి నడిపాడు. నాకు భయం పట్టుకుంది. పుట్టింట్లో దింపేసి లారీ ఎక్కుతాడనుకుని, దారి పొడవునా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. చేవెళ్ళ దగ్గర పడ్డాక బండి పక్కకు ఆపాడు.

“ఎందుకు తాపినవే?”

“బండి మంచిగుంటే నువ్వు ఇంటికాడుంటవని.”

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, స్టీరింగ్ మీద తల ఆనించాడు. ఏడుస్తున్నాడేమోనని నేను కంగారుపడ్డాను. భుజాలు కదులుతున్నాయి, చూస్తే నవ్వు. ఇంటికి పోగానే అత్త “హెడ్డు దింపిండ్రా?” అని ఎదురొచ్చింది. “ఏం లేదవ్వా, మూత లూజయింది గంతే. షావుకారుకు రానని చెప్పు” అన్నాడు. అత్తకు ఆ సంగతి చచ్చేదాకా తెలియనివ్వలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి బానెట్ మీద నిషేధం. పొద్దున బయటికి పోయినా, పెళ్ళికి పోయినా అదే హెచ్చరిక, “నేను లేనప్పుడు లేపకే” అని. జీపు పోయి ఆటో వచ్చింది, ఆటో పోయి వ్యాన్ వచ్చింది. బండ్లు మారినా మాట మారలేదు, మనిషి ఇల్లు వదలలేదు. రోజూ పొద్దుగూకే లోపల చెప్పుల చప్పుడు వినబడేది.

ఇప్పుడు ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల గాజుల చేతులతో ఎదురుపడితే నేను కోప్పడను. పక్కన కూర్చోబెట్టుకుని నవ్వుతాను. ఎంత తెలివితక్కువదైనా, అడగాల్సింది సరిగ్గానే అడిగింది. ఆయనను ఇంటి దగ్గరే ఉంచమంది. ఎన్నేళ్ళో చెప్పడమే మరిచిపోయింది.

అయిపోయింది బిడ్డా, కలం పక్కన పెట్టు. ఏదీ, రాసినదంత ఒకపారి నాకు సదివి వినిపియ్యి.