జాతీయ గీతానికి ముందు

సదస్సు పేరు పెద్దది: ప్రపంచ పౌరసత్వం, శాంతి, అంతర్జాతీయ విద్యార్థి సదస్సు. బ్యానర్ మీద సగం చోటు ఆ అక్షరాలకే పోయింది. మిగతా సగంలో అతిథుల ఫోటోలు వేశారు. విద్యార్థులకి చోటు మిగల్లేదు. ఆ బ్యానర్ చూసినప్పుడే నాకు అర్థం కావలసింది.

విజయవాడ నుంచి గన్నవరం వెళ్ళే దారిలో ఉన్న కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. మా కాలేజీలో ఏ సభ జరిగినా మైకు నా చేతికే వస్తుంది. నా గొంతు బాగుంటుందంటారు గానీ అసలు సంగతి అది కాదు. వేదిక మీదికి ఎవర్ని ముందు పిలవాలి, ఎవర్ని తర్వాత పిలవాలి అన్న తలనొప్పి నెత్తిన వేసుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ రోజు నాకు కావలసింది ఒక్కటే. మా ఫైనలియర్ అమ్మాయి మాట్లాడాలి. ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. రాయమంటే ఎంతైనా రాస్తుంది, నోరు మాత్రం విప్పదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుందే తప్ప పలకదు. హైదరాబాద్‌లో ఎం.ఏ. సీటు వచ్చింది. వాళ్ళ నాన్నకి ఉయ్యూరులో గాజుల కొట్టు. ఆయనకి నోరే పెట్టుబడి, రోజంతా వచ్చేపోయే ఆడవాళ్ళందరితో కబుర్లు చెప్పాలి. చదువు వద్దనే మనిషి కాదు, భయపడే మనిషి. "నోరు లేని పిల్లండీ మేడమ్‌గారూ. హాస్టల్లో జ్వరమొచ్చినా ఎవరికీ చెప్పదు. అంత దూరం ఎట్టా పంపమంటారు?" అన్నారు నాతో. నేను పట్టు వదల్లేదు. చివరికి, "నలుగురిలో నిలబడి మాట్లాడితే నా కళ్ళతో చూస్తానండీ. అప్పుడు పంపుతా" అని మాటిచ్చారు. అందుకే కొట్లాడి మరీ ఆ పిల్ల పేపర్ని సదస్సులో పెట్టించాను. ఆయన కొట్టు కట్టేసి వచ్చి, ఇస్త్రీ చొక్కా, తెల్ల టోపీతో వెనక వరసలో కూర్చున్నారు.

జ్యోతి వెలిగించడంతో మొదలుపెట్టాం. గాలికి ఒత్తులు ఆరిపోతున్నాయని ఫ్యాన్లు ఆపేస్తే అతిథులకి చెమటలు పట్టాయి. వేదిక మీదికి ఒక్కొక్కర్నీ పిలుస్తూ పోతే కుర్చీలు చాల్లేదు, వెనక రెండో వరస వేయించాం. తర్వాత బొకేలు, శాలువాలు, జ్ఞాపికలు, ఒక్కోదానికీ ఫోటో. కప్పిన శాలువా ఫోటోలో సరిగ్గా పడలేదని మళ్ళీ తీసి మళ్ళీ కప్పాం. విదేశీ పిల్లలు ముందు వరసల్లో బుద్ధిగా కూర్చుని చూస్తున్నారు. చుట్టుపక్కల యూనివర్సిటీల్లో చదివే ఆఫ్రికా వాళ్ళు, నేపాల్ వాళ్ళు, ముందురోజే గన్నవరంలో విమానం దిగినవాళ్ళు కొందరు. అందరి చేతుల్లోనూ రాసుకొచ్చిన కాగితాలున్నాయి. వాళ్ళలో ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చి, సెమినార్ ఎప్పుడు మొదలవుతుందండీ అని ఎంతో మర్యాదగా అడిగాడు. అప్పటికి మొదలై రెండు గంటలైంది.

అంతలో యుద్ధం వచ్చింది. ఆ రోజు భోజనాలు పెట్టించిన పెద్దమనిషిని రెండో వరసలో కూర్చోబెట్టామట. ఆయన శాలువా కుర్చీలో పడేసి, చరచరా దిగి వెళ్ళి కారెక్కారు. ప్రిన్సిపాల్‌గారు కారు వెనక పరిగెత్తారు. లోపల శాంతి మీద ఉపన్యాసం ఆగిపోయింది, బయట గేటు దగ్గర శాంతి చర్చలు మొదలయ్యాయి. ఎలాగో బతిమాలి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, ఇంకో శాలువా కప్పి ఫోటో తీశాక ఆయన కూడా తీరిగ్గా మాట్లాడారు. ఓర్పు గురించి.

భోజనాల వేళ దాటిపోయింది. ప్రిన్సిపాల్‌గారు నా చెవి దగ్గరకొచ్చి, "పిల్లల పేపర్లు పుస్తకంలో వేసేద్దాం మేడమ్. వందన సమర్పణ చేయించి, జాతీయ గీతం పాడించెయ్యండి. అన్నం చల్లారిపోతోంది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రాలు దాటి వచ్చిన పిల్లలకే దిక్కు లేదు, ఇక మా పిల్లని ఎవరు పట్టించుకుంటారు? వెనక వరసలో వాళ్ళ నాన్న చేతి గడియారం చూసుకుంటున్నారు. ఇంకోసారి కొట్టు కట్టేసి రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను?

మన సభల్లో ఏదైనా ఎగ్గొట్టొచ్చు గానీ వందన సమర్పణ ఎగ్గొట్టడానికి వీల్లేదు. తన పేరు వినపడని పెద్దమనిషి ఏడాదిపాటు మొహం తిప్పుకుంటాడు. దాని వెనకే జాతీయ గీతం ఉంటుంది కాబట్టి, ఎంత ఆకలేసినా అది అయ్యేదాకా ఎవరూ బయటికి కదలరు. నేను మైకందుకుని, "ఇప్పుడు వందన సమర్పణ" అన్నాను. ఎప్పుడూ ఆ పని చేసే వైస్ ప్రిన్సిపాల్‌గారు కాగితం సర్దుకుంటూ లేవబోయారు. నేను మా అమ్మాయి పేరు పిలిచాను. ఆయన సగం లేచి, నా వంక చూసి, మళ్ళీ కూలబడ్డారు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నాకు హాయిగానే ఉంది.

ఆ పిల్ల వచ్చి మైకు ముందు నిలబడింది. మాట రాలేదు. ఎవరో దగ్గారు. ఇప్పుడిలా దిగిపోతే, వాళ్ళ నాన్న భయమే నిజమని నేనే అందరి ముందూ నిరూపించినట్టవుతుంది. అప్పుడు చిన్నగా, "ముఖ్య అతిథిగారికి ధన్యవాదాలు" అంది. మూడేళ్ళుగా మా సభలన్నీ విన్న పిల్ల, ఆ వరస కంఠతా వచ్చు. ఒక పేరు చెప్పాక ఇంకో పేరు అందుకుంది. చెప్పేకొద్దీ గొంతు పైకి లేచింది. అలిగిన పెద్దమనిషికి రెండుసార్లు ధన్యవాదాలు చెప్పింది. ఆయన మొహం విప్పారింది.

పేర్లు అయిపోయాయి. ఇక తన పేపర్ మొదలుపెడుతుందనుకున్నాను. చేతిలో ఉన్న ఆ కాగితాలు మడిచేసి, విదేశీ పిల్లల వైపు తిరిగి ఇంగ్లీషులో ఇలా అంది:

"మీకు కూడా ధన్యవాదాలు చెప్పాలి. దేనికి చెప్పాలో తెలియడం లేదు. పొద్దుటి నుంచీ మిమ్మల్ని కూర్చోబెట్టి, మీ మాట ఒక్కటీ వినలేదు. ఒక్కొక్కరూ వచ్చి చెప్పండి. అవి విన్నాకే జాతీయ గీతం పాడదాం."

లేవబోయినవాళ్ళు కూర్చున్నారు. ప్రిన్సిపాల్‌గారు నా వైపు చూశారు, నేను పైన ఫ్యాను వైపు చూశాను. పిల్లలు లైను కట్టారు. ఒక కుర్రాడు తన ఊళ్ళో కొట్టుకునే రెండు తెగలు ఒకే బోరింగు దగ్గర నీళ్ళకి వంతులు పెట్టుకున్న సంగతి చెప్పాడు. ఒక అమ్మాయి కాగితం చూడకుండా, వాళ్ళ దేశంలో యుద్ధం మొదలయ్యాక వాళ్ళమ్మ ఫోను ఎత్తిన రోజే తనకి పండగ రోజు అంది. అంతకంటే మాట్లాడలేకపోయింది. మా పిల్ల వెళ్ళి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నిలబడింది, ఆ తర్వాతి వాళ్ళని తనే పేరు పెట్టి పిలిచింది. ఎవరూ గడియారాలు చూసుకోలేదు. అన్నం చల్లారింది, సాంబారు మళ్ళీ కాచారు, ఎవరికీ ఏమీ కాలేదు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట వాళ్ళ నాన్న కనిపించారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తుడుచుకున్న చేతుల్నే మళ్ళీ తుడుచుకుంటూ, "మేడమ్‌గారూ, ఆ హాస్టల్లో ఆదివారాలు నాన్నల్ని లోపలికి రానిస్తారాండీ?" అన్నారు.

నా మనసు నిమ్మళించింది. ఆ హాస్టల్ సంగతులు నాకేమీ తెలియవు. "రానిస్తారండీ" అన్నాను.