మెడలో పెట్టె

1987 ఫిబ్రవరి 10, మంగళవారం. మదనపల్లె నుంచి కుప్పం పోయే బస్సు, నిండా జనం. ఈ సంగతిలో ఉన్నవారు: నేను, మా ఆఫీసు గుమాస్తా రెడ్డెప్ప, ముందు సీట్లో మెడకు చిన్న పెట్టె తగిలించుకున్న ఒక ముస్లిం ఆవిడ, చివరి సీట్లో చెవికి మిషను పెట్టుకున్న ఒకాయన.

సీట్లు దొరకక మేమిద్దరం ఆవిడ పక్కనే నిలబడ్డాం. ఇంజను మోతలో ఎవరికీ వినపడదన్న ధైర్యంతో నేనన్నాను: "ఎనక ఆ చెవిటాయన్ను సూడు రెడ్డెప్పా. కట్టుకున్నామె అరిసి అరిసి గొంతు పోగొట్టుకోనుంటాది."

రెడ్డెప్ప పడీపడీ నవ్వాడు. ఆవిడ తల తిప్పలేదు. కాసేపటికి పెట్టెకేసి వంగి, "పుంగనూరొచ్చింది, సంచి మర్సిపోవాకండి" అంది. పక్కనున్న నాకే అరకొరగా వినిపించింది. చివరి సీట్లో ఆయన మాత్రం సరేనన్నట్టు చెయ్యెత్తి, సంచి అందుకున్నాడు.

ఆ పెట్టెలో పడిన మాట తీగ లేకుండానే ఆయన చెవికి చేరుతుందని అప్పుడు తెలిసింది. నా మాటా చేరే ఉంటుంది.

దిగడానికి ముందుకొచ్చిన ఆయన నా దగ్గర ఆగాడు. "మా యామె గొంతు బాగానే ఉండాది సార్" అన్నాడు, కోపం లేకుండా.

ఆ సాయంత్రం డైరీలో 'ప్రయాణం సుఖంగా జరిగింది' అని రాసుకున్నాను. మరునాడు పొద్దున ఆ వాక్యం కొట్టేసి, నేను బస్సులో అన్న మాటలను అక్షరం మార్చకుండా కింద రాశాను.