రుజువు అన్న మాట

పద్దెనిమిదేళ్లుగా పదో తరగతి పిల్లలకు పరిణామం పాఠాన్ని నేను ఒకే రకంగా చెప్పేదాన్ని. బోర్డు మీద ‘రుజువు’ అని పెద్దక్షరాలతో రాసి, దాని కింద దశావతారాలు రాయించేదాన్ని. ముందు చేప, తర్వాత తాబేలు, ఆ తర్వాత వరాహం, సగం మృగం సగం మనిషి, పొట్టివాడు, చివరికి నిండు మనిషి. “చూశారా, మనవాళ్లు ఎప్పుడో చెప్పేశారు” అంటే పిల్లలు చకచకా రాసుకునేవారు. పాఠం ఒక్క పీరియడ్‌లో అయిపోయేది. స్టాఫ్ రూములో అందరూ మెచ్చుకుంటే మురిసిపోయేదాన్ని కూడా.

సీతాఫల్‌మండిలో మా బడి. పోయినేడాది ఆ పాఠం మధ్యలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. జీవశాస్త్రమంటే ప్రాణం పెట్టే పిల్ల. ఆదివారాలు ఇంటిల్లిపాదీ ప్రార్థనకు వెళ్తారు. వాళ్ల మేనమామ అక్కడ పిల్లలకు బోధిస్తాడు. ఆయనే పరిణామం అబద్ధమంటూ ఓ ప్రశ్నల జాబితా రాసిచ్చాడట.

“మేడం, అది మీ దేవుని కథ గదా. మా మామ చెప్పేది మా దేవుని కథ. మీదొక్కటే సైన్స్ ఎట్లయితది?”

క్లాసంతా నా మొహంలోకి చూసింది. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల అడిగినందుకు కాదు, నా దగ్గర జవాబు లేనందుకు. “మార్కులు కావాలంటే పుస్తకంలో ఉన్నది రాయి. ఇంటికెళ్లి ఏం నమ్ముకుంటావో నీ ఇష్టం” అనేశాను. ఆ పిల్ల పుస్తకం మూసేసి కూర్చుంది.

వారం తర్వాత, ఇంటర్‌లో ఎవరికి ఏ గ్రూపు కావాలో రాయించిన కాగితాలు క్లాస్ టీచర్‌గా నా చేతికి వచ్చాయి. ఆ అమ్మాయి బైపీసీ అని రాసి, దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద సీఈసీ అని రాసింది. పిలిచి ఎందుకని అడిగాను.

“నమ్మకుండ ఉత్తగ రాసుడే అయితే, ఏ గ్రూపైతే ఏంది మేడం?”

కోపంగా కూడా అనలేదు. నాకే సిగ్గేసింది. వాళ్ల మామ రాసిచ్చిన జాబితా ఒకసారి ఇమ్మన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే సైనిక్‌పురిలో మా ఇంట్లో కాఫీ కలుపుకుని జవాబుల కోసం వెతకడం మొదలుపెట్టాను. మా ఫిజిక్స్ సారు ఒక వీడియో పంపారు. అందులో ఒకాయన దేవుణ్ణి నమ్మేవాళ్లను మొదటినుంచి చివరిదాకా వెక్కిరించాడు తప్ప ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. మేనమామను తిట్టించి మేనకోడలిని బైపీసీలో చేర్పించలేను కదా! గైడ్లలో అన్నీ బిట్లే. తెలుగులో బాగుందనిపించిన ఒక వ్యాసం తెరిస్తే, చేప, తాబేలు, వరాహం! అచ్చం నా మాటలే. కింద ఒక్క ఆధారమూ లేదు. నా పాఠం వేరేవాళ్ల నోట విన్నాక గానీ అదెంత డొల్లగా ఉందో నాకు తెలియలేదు.

చివరికి జీవశాస్త్ర పరిశోధకులు ఇంగ్లీషులో నడిపే ఒక పేజీ దొరికింది. ఇలాంటి ప్రశ్నలే వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ జవాబు, ఆ జవాబు ఏ పరిశోధనలోంచి వచ్చిందో దాని కిందే. ఒకచోట పాత ఉదాహరణ మీద గీత కొట్టి, ‘ఇది తప్పు, సరిదిద్దాం’ అని రాశారు. చెరిపెయ్యలేదు. ఆ గీత చూశాకే నాకు గురి కుదిరింది. అయినా ప్రతి జవాబునూ నా డిగ్రీ పుస్తకాలతో సరిచూసుకున్నాను.

సోమవారం ఆ జాబితా పట్టుకుని క్లాసుకు వెళ్లాను. ‘ఇది ఉత్త థియరీ’ అన్నది మొదటిది. మా పిల్లల లెక్కలో థియరీ అంటే ప్రాక్టికల్స్ లేని పేపరు. “అది కాదర్రా, సైన్సులో ఆ మాట వేరు. ఎన్నిసార్లు పరీక్షించినా నిలబడ్డదాన్నే అలా అంటారు” అని చెప్పాను. సగం కన్ను ఎందుకు పనికొస్తుందన్నది రెండోది. కళ్లజోడు తీశాను. “ఇప్పుడు నాకు బోర్డు మీద అక్షరం కనపడదు. బస్సు మీదికొస్తే మాత్రం కనపడుతుంది. ఆ మాత్రం చూపు అసలు లేనిదానికంటే నయం కాదా?” కోతులు ఇంకా ఎందుకున్నాయన్నది మూడోది. “నేను సికింద్రాబాద్ వచ్చేశానని, భీమవరంలో మా పెదనాన్న పిల్లలు మాయమైపోవాలా? కోతులు మనకు తాతలు కాదు, దాయాదులు.” అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు, రాసుకుంది. భూమ్మీద మొట్టమొదటి ప్రాణం ఎలా పుట్టిందన్నదానికి, “నాకు తెలియదు. ఇంకా వెతుకుతున్నారు” అన్నాను. అదీ రాసుకుంది.

తర్వాత దశావతారాల పేజీ తియ్యమన్నాను. “కథగా నాకూ ఇష్టమే. కానీ ఈ పాఠానికి అది ఆధారం కాదు. నేను చెప్పింది తప్పు. కొట్టేయండి.”

ఒక్క పెన్నూ కదల్లేదు. ముందు బెంచీలోంచి ఎవరో నెమ్మదిగా అన్నారు. “దేవుని పేరు మీద గీత కొడితే పాపం తగుల్తది మేడం.”

నాకిది తట్టనే లేదు. ఒక్క క్షణం ఆలోచించి, “పేర్ల జోలికి పోకండి. పైన ‘రుజువు’ అని రాయించాను కదా, ఆ ఒక్క మాట కొట్టేయండి” అన్నాను. నలభై గీతలు పడ్డాయి. పద్దెనిమిదేళ్ల పాఠం కదా, నాకు బాధగానే ఉంది.

గంట కొట్టాక ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది. “మా మామ లిస్టుల ఒక్క గీత సుత లేదు మేడం” అంది. ఆ వెంటనే, “నా గ్రూపు కాగితం జెర ఇస్తరా?” అని అడిగింది.

ఇచ్చాను. సీఈసీ కొట్టేసి, దాని కింద మళ్లీ బైపీసీ అని రాసింది.

“నమ్మిననని కాదు మేడం. ఇంక అడిగేటియి మస్తున్నయి.”

కాగితం చిందరవందరగా ఉంది. ఆఫీసులో ఏమంటారోనని సొరుగులోంచి వైట్‌నర్ తీసి ఇవ్వబోయాను.

“వద్దు మేడం” అంది. “గీతలు ఉండనియ్యుండ్రి.”